నారింజపూల పొడుం

సెవిల్యా
1641 అక్టోబరు 4, ఫ్రాన్సిస్ వారి పండుగ

మెన్సియా పిన్నికి,

ఉన్ని మేజోళ్ళు అందాయి. నల్లవి మా మందుల గది చూసే మదర్ లెయొకాదియాకి ఇచ్చి ఎర్రవి నేను ఉంచుకున్నాను. మఠంలో ఎరుపు ఏమిటని సిస్టర్ కితేరియా అడిగారు. గౌను కింద ఎవరికి కనిపిస్తాయి అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

పాత సిస్టర్ పోయాక వాకిలి కాపలా ఇప్పుడు సిస్టర్ కితేరియాది. బయటివాళ్ళు గోడలోని చెక్కగూటిలో ఏది పెట్టినా, ఆవిడ లోపలినుంచి గూడు తిప్పి తీసుకుంటారు. మా ఉత్తరాలు చదివి ముద్ర వేసి పంపేది కూడా ఆవిడే. అందుకని, ఆవిడ చాలా మంచివారని ఇక్కడ రాస్తున్నాను.

ఒక సహాయం కావాలి. మదర్ లెయొకాదియాకి తలనొప్పి మళ్ళీ మొదలైంది. తూర్పుగాలి వీచిన రోజున మంచం దిగలేరు. అప్పుడు మందుల గది మొత్తం నా మీద పడుతుంది. అది నాకు ఇష్టమే. ఆ కారణం మాత్రం ఇష్టం లేదు. మా మూలికల పుస్తకంలో పొగాకు గురించి ఉంది. అది వేడిచేసే ఆకట. పొడి ముక్కులోకి పీలిస్తే, మెదడులో చేరిన చల్లటి నీరు తుమ్ములతో దిగిపోతుందట. మీ రేవులో ఓడవాళ్ళ దగ్గర దొరుకుతుంది కదా. కొంచెం పంపు. మందు మోతాదు చాలు.

ఇంకో సంగతి. మే నెలలో నాకు పద్దెనిమిది నిండుతాయి. ఆ తరవాత చదువుకునే పిల్లలు ఇక్కడ ఉండకూడదు. సన్యాసినిగా ముసుగు వేసుకోవాలి, లేదా ఇంటికి వెళ్ళాలి. దేవుడి పిలుపు వస్తే లోపల తెలుస్తుందంటారు. నాకు ఇంతవరకూ ఏమీ తెలియలేదు. తెలిసిందని అబద్ధం చెప్పలేను. ముసుగు లేకుండానే మందుల గదిలో సహాయానికి నన్ను ఉంచుకోవచ్చా అని మదర్ లెయొకాదియా తనిఖీకి వచ్చే ఫాదర్‌ని అడుగుతానంటున్నారు. ఆయన ఏమంటారో తెలియదు. ఆ గది కిటికీలోంచి నారింజ చెట్ల పైకొమ్మలు కనిపిస్తాయి. రోజూ చూస్తూ ఉంటాను.

నీ కాసిల్దా


సాన్‌లూకర్
అక్టోబరు 21

కాసిల్దా తల్లీ,

నీ ఉత్తరం బార్తొలొ తెచ్చాడు. పడవ కట్టేసి నేరుగా మన దుకాణానికి వచ్చి, తారు పీపా మీద కూర్చుని, నేను చదవడం అయ్యేదాకా కదల్లేదు. పొగాకు మాట వినగానే వాడి కళ్ళు ఇంతింత అయ్యాయి.

"మఠంలో తలనొప్పికిరా" అన్నాను.

"ఓడలో మేమూ తలనొప్పికే పీలుస్తున్నాం అక్కా" అన్నాడు.

వాడి దగ్గరే ఒక చిన్న సంచి తీసుకుని పంపుతున్నాను. నేను మాత్రం దాన్ని కొనవేలితో కూడా ముట్టను. మీ బాబాయి, ఆయన ఆత్మకి శాంతి కలగాలి, జీవితమంతా ఓడల మీద గడిపి కూడా దాని జోలికి పోలేదు. దేవుడు మనకి ముక్కు ఇచ్చింది ఊపిరికి, బూడిద నింపుకోడానికి కాదు.

నీ ఉత్తరం చివర చదివి నా ప్రాణం ఉసూరుమంది. రోజూ కిటికీ దగ్గర నిలబడి చెట్ల కొమ్మలు చూస్తున్నావా. ఎంత బెంగ ఉంటే మనిషి అలా చూస్తుంది. నీకు నోట్లో నాలుక లేదు, నువ్వు అడగవు, కాబట్టి నేనే చెబుతున్నాను. మే నెలలో నేనే వచ్చి నిన్ను తెచ్చుకుంటాను. ఆ ఫాదర్ ఏమంటాడోనన్న భయం నీకు అక్కర్లేదు. మేడ మీద గదికి సున్నం వేయించాను. అక్కణ్ణుంచి చెట్టుకొమ్మలు కాదు, ఏకంగా సముద్రమే కనిపిస్తుంది. వడ్రంగికి మంచం పురమాయించాను. దుకాణంలో తాళ్ళు కొలవడం నేర్పుతాను. మాట్లాడక్కర్లేదు, తాడు పట్టుకుని నిలబడితే చాలు.

నీ పిన్ని మెన్సియా


సెవిల్యా
నవంబరు 14

పిన్నీ,

పొడి అందింది. దానికి తారు వాసన పట్టింది. ఆ వాసనకి నాకు మీ దుకాణం గుర్తొచ్చింది. మదర్ లెయొకాదియాకి మాత్రం వాంతి వచ్చినంత పనైంది. అందుకని, పోయిన వసంతంలో మేం దించిన నారింజపూల పన్నీటితో పొడిని తడిపి, నీడలో ఆరబెట్టి, కల్వంలో మళ్ళీ నూరాను. అప్పుడు పీల్చారు. వరసగా తుమ్మారు. తుమ్ముతూ తుమ్ముతూనే లేచి కూర్చున్నారు. తుమ్ములు ఆగాక, "ఆ కిటికీ తెరువమ్మా, నాకు ఆకలేస్తోంది" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

సిస్టర్ కితేరియాకి జలుబు. ఒక చిటికెడు అడిగారు. వంట చూసే సిస్టర్ బెనితాకి పంటినొప్పి. పంటికీ ముక్కుకీ ఏం సంబంధమండీ అంటే, రెండూ ఒకే మొహంలో ఉన్నాయి కదమ్మా అన్నారు. ఆర్గన్ వాయించే సిస్టర్‌కి భుజం నొప్పి. పెద్ద మదర్‌కి ఏ నొప్పీ లేదు. ఇక ముందు రాకుండా ఉండాలని తీసుకున్నారు.

సాయంత్రం ప్రార్థనలో ఒక వరస ఒక చరణం పాడితే, ఎదుటి వరస తరవాతి చరణం అందుకుంటుంది. మొన్న అటు వరస పాడుతూ పాడుతూ తుమ్మింది. ఇటు వరస, అది తన వంతు అనుకుందో ఏమో, తనూ తుమ్మింది. కమ్మీలకి అవతల గుడిలో మోకాళ్ళ మీద ఉన్న జనం లేచి నిలబడ్డారు. ఒక ముసలాయన "చల్లగా ఉండండమ్మా" అని గట్టిగా దీవించాడు.

ఇక పంపవద్దు పిన్నీ. మందు మందులా ఉండాలి.

నీ కాసిల్దా

[అదే కాగితం అడుగున, వేరే చేతిరాతలో]
అమ్మా, పిల్ల చిన్నది, దానికేం తెలుసు. చలికాలం మీదికొస్తోంది. రెండు సంచులు పంపించండి. మీ క్షేమం కోరి జపమాల చెప్పుకుంటాం.


సాన్‌లూకర్
డిసెంబరు 6

కాసిల్దా,

పై రాత వద్దంటోంది. కింది రాత రెండు సంచులంటోంది. నేను ఏది వినాలి? వాకిట్లో కూర్చుని రెండుసార్లు చదివాను. నిన్ను మందుల గదిలో కూర్చోబెట్టి పగలల్లా ఆ పొడి నూరిస్తున్నారని నాకు అర్థమైపోయింది. వద్దని నువ్వు రాస్తే, నీ వెనక ఎవరో వచ్చి కావాలని రాసుకుంటున్నారు. పంపకపోతే నిన్ను సతాయిస్తారేమోనని భయమేసింది. బార్తొలొ కూడా "అడిగింది సన్యాసినులక్కా, లేదంటే పాపం" అన్నాడు. వాడి దగ్గర సరుకు ఎక్కువుంది, వాడికి పాపభయం కూడా ఎక్కువైంది. రెండు సంచులూ పంపుతున్నాను.

మఠం మాట దేవుడెరుగు, ఈ ఊరు కూడా పాడైపోయింది. మొదట ఓడవాళ్ళే పీల్చేవాళ్ళు. వాళ్ళని చూసి రేవు కూలీలు, వాళ్ళని చూసి చేపలమ్మే ఆడవాళ్ళు. ఇప్పుడు పెద్దింటి అమ్మగార్లు వెండి డబ్బీలు చేయించుకుని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మంగలి పన్ను పీకే ముందు ఒక పట్టు ఇస్తున్నాడు. మన గుడి గంట కొట్టే ముసలాయన తాడు పట్టుకునే తుమ్ముతాడు, తుమ్ములో లెక్క తప్పుతాడు. నిన్న మధ్యాహ్నం పన్నెండుకి పదే కొట్టాడు. ఊరంతా భోజనానికి ఆలస్యం.

"నువ్వూ ఒక పట్టు పట్టి చూడు అక్కా" అంటాడు బార్తొలొ.

"నా ముక్కు నీ పడవ కాదు, సరుకు ఎక్కించడానికి" అన్నాను.

వడ్రంగి మంచం తెచ్చాడు. మంచి వాల్‌నట్ చెక్క. నువ్వు వెళ్ళిన రోజున నా భుజం దాకా ఉన్నావు. ఆ కొలత చెప్పి, పిల్ల ఎదిగి ఉంటుందని ఇంకో జానెడు ఎక్కువే పెట్టించాను. తలవైపు పిట్టలు చెక్కాడు. నువ్వు వచ్చి చూడాలి.

నీ పిన్ని


సెవిల్యా
1642 జనవరి 20

పిన్నీ,

సంచులు రెండు రావడం చూసి ఆశ్చర్యపోయాను. కింది రాత సంగతి నీ ఉత్తరం చూశాకే తెలిసింది. సిస్టర్ కితేరియాని అడుగుదామని వాకిలి దాకా వెళ్ళాను.

"ఏమ్మా?" అన్నారు.

"ఏం లేదండి" అని వచ్చేశాను.

నన్ను ఎవరూ సతాయించడం లేదు. నూరడం నాకు కష్టం కాదు. పన్నీరు ఎంత పడితే పొడి ముద్దకట్టదో, ఎంత ఆరితే వాసన నిలుస్తుందో ఇప్పుడు చేతికి తెలుస్తోంది. మా వాసన వాకిలి దాటి వెళ్ళింది. పక్క వీధి మఠంవాళ్ళు కబురు పెట్టారు.

ఇప్పుడు ఇక్కడ పెద్ద తగువు నడుస్తోంది. దివ్యసత్ప్రసాదం తీసుకునే రోజు పూజ అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు కదా. మరి పొడుం పీల్చవచ్చా? పీల్చవచ్చని దాదాపు అందరూ అంటున్నారు.

"నోటితో తింటే తిండి. ముక్కుతో తిన్నవాణ్ణి మీరెవరైనా చూశారా?" అని సిస్టర్ బెనితా అడిగారు.

"వాసన చూస్తే ఉపవాసం పోతుందా? పోతే నువ్వు వండుతుంటే మేమందరం ఎప్పుడో పోగొట్టుకున్నాం" అని పెద్ద మదర్ అన్నారు.

మదర్ లెయొకాదియా ఒక్కరే, "తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకండి" అన్నారు.

పుస్తకంలో వెతికాను. లేదు. అందుకని ఒక మధ్యాహ్నం నోరు బాగా పుక్కిలించి, నేనే ఒక చిటికెడు పీల్చి కూర్చున్నాను. ముందు కళ్ళు మండాయి. తుమ్మాను. తల తిరిగింది. కాసేపటికి గొంతులో చేదు దిగింది. చేదు వెనకే నారింజపూల రుచి. వాసన కాదు పిన్నీ, రుచి. మింగాను కూడా. అంటే ముక్కులో వేసింది కడుపులోకి వెళ్తోంది. ఇంకెప్పుడూ పీల్చను. నాకు అది పడదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర "ఈ విషయం ఎవరికైనా కచ్చితంగా తెలుసా?" అని పెద్ద మదర్ అడిగారు. నేను నా చెంచా వైపు చూస్తూ ఉండిపోయాను.

నీ కాసిల్దా

[అడుగున]
అమ్మా, పిల్ల మరీ పుస్తకాలు చదువుతోంది. బక్కచిక్కింది. చెంచా పట్టుకుని అలా చూస్తూ కూర్చుంటుంది. సంచులు అడుగంటాయి.


సాన్‌లూకర్
మార్చి 16, తపస్సు కాలం

కాసిల్దా తల్లీ,

ఈ నలభై రోజుల తపస్సు కాలంలో మీరు ఉత్తరాలు రాయకూడదనీ, వచ్చినవి కూడా పాస్కా పండుగ అయ్యాకే ఇస్తారనీ తెలుసు. అయినా ఆగలేక రాస్తున్నాను.

ఈ ఆదివారం పూజలో రోమ్ నుంచి వచ్చిన ఆజ్ఞ చదివారు. మన సెవిల్యా పీఠం కింద ఉన్న ఏ గుడిలోనూ పొగాకు ముట్టకూడదు. నమలకూడదు, తాగకూడదు, పీల్చకూడదు. ముట్టినవాళ్ళకి వెలి. ఆ మాట చదువుతుండగానే గంట కొట్టే ముసలాయన తుమ్మాడు. గుడి గుడంతా వెనక్కి తిరిగింది. "జలుబు, జలుబు" అని అరిచి బయటికి పరిగెత్తాడు.

నాకు నవ్వు రాలేదు. మీ మఠానికి తనిఖీ వస్తుంది. ఎవరు నూరారు అంటారు. అందరూ నిన్ను చూపిస్తారు. నువ్వు చెంచా వైపు చూస్తూ నిలబడతావు. నూరిందీ నువ్వే, తెప్పించిందీ నువ్వే అయిపోతుంది.

అందుకని నేనే ముందు పని చేశాను. అగ్రపీఠాధిపతిగారి కచేరీకి ఉత్తరం పెట్టాను. పొగాకు పంపింది నేను, మా పిల్ల అమాయకురాలు, దానికి నోట్లో నాలుక లేదు, తల్లి లేనిది, నేనే దిక్కు, మఠంలో చిక్కిపోతోంది, పద్దెనిమిది నిండకముందే తీసుకెళ్ళిపోతాను, దయచేసి పంపించెయ్యండి అని. కాగితానికి రెండువైపులా రాశాను. బార్తొలొ స్వయంగా ఇచ్చి వచ్చాడు.

ఇక నువ్వు దేనికీ బెంగపడకు. మంచం మీద పరుపు కూడా వేయించాను.

నీ పిన్ని


సెవిల్యా
ఏప్రిల్ 24, పాస్కా వారం

పిన్నీ,

నీ ఉత్తరం పాస్కా మర్నాడు ఇచ్చారు. చదివి మందుల గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. నీ మీద కోపం రాలేదు. నా మీద వచ్చింది.

నువ్వు కచేరీకి రాసిన ఉత్తరం తనిఖీ ఫాదర్ దగ్గర ఉందట. సోమవారం వస్తున్నారు. ఇంటివాళ్ళే పిల్లని పంపమంటుంటే ఉంచుకుంటామని ఎలా అడగనమ్మా అని మదర్ లెయొకాదియా అన్నారు. ఆవిడ నన్నేమీ అనలేదు. కల్వం తుడిచి దాని చోట పెట్టారు.

అందుకని నేను ఎప్పుడో చెప్పవలసిన మాట ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఇక్కడే ఉండాలనుంది.

కిటికీ దగ్గర నిలబడేది బెంగతో కాదు. మొగ్గలు ఎప్పుడు విచ్చుతాయో చూడడానికి. విచ్చిన రోజు ఉదయమే కొయ్యకపోతే పన్నీటికి పనికిరావు. పోయినేడాది ఒక్కరోజు ఆలస్యం చేశాం. ఈ ఏడు చెయ్యలేదు. నాకు నువ్వంటే ఇష్టం. మీ దుకాణం అంటే భయం. రోజంతా మనుషులు వస్తారు, వాళ్ళు మాట్లాడతారు, నేనూ మాట్లాడాలి. ఇక్కడ సీసాలు మాట్లాడవు. వాటి మీద పేర్లు ఉంటాయి, నేను చదువుకుంటాను.

ఇది ముందే రాసి ఉంటే నువ్వు మంచం చేయించేదానివి కాదు. కచేరీకి ఇంకో ఉత్తరం రాయి పిన్నీ. రాయకపోయినా నువ్వు నా పిన్నివే.

నీ కాసిల్దా

[అడుగున]
అమ్మా, పైన రాసింది చదివాను. ఈసారి నేను కలపవలసింది లేదు. అంతా నిజం. పొడుం పంపకండి.


సెవిల్యా, పడవల రేవు దగ్గరి సత్రం
ఏప్రిల్ 27

కాసిల్దా,

ఎక్కణ్ణుంచి రాస్తున్నానో పైన చూశావుగా. తనిఖీ సోమవారమని కచేరీనుంచి జవాబు వచ్చింది. నువ్వు ఒంటరిగా ఆ ఫాదర్ ముందు నిలబడతావని తలుచుకుంటే అక్కడ ఉండలేకపోయాను. దుకాణం మూసి ఉప్పు పడవ ఎక్కి వచ్చేశాను. సగం దూరంలో బార్తొలొ పడవ ఎదురొచ్చింది. వాడు గట్టిగా చెయ్యి ఊపుతూ ఏదో కేకలు పెట్టాడు. నేనూ ఊపాను. వాడికి నేనంటే అభిమానం.

రేపు తనిఖీ అయ్యేసరికి మీ గూటి దగ్గర ఉంటాను. మూట కట్టుకో. ఎర్ర మేజోళ్ళు మర్చిపోకు.

పిన్ని


మఠం
ఏప్రిల్ 28, సోమవారం

పిన్నీ,

నువ్వు గోడకి అవతలే ఉన్నావని సిస్టర్ కితేరియా చెప్పారు. ముందు ఇది చదువు. ఎదురుగా ఉంటే చెప్పలేను, అందుకని రాసి గూటిలో పెడుతున్నాను. బార్తొలొ ఊపింది నా ఉత్తరం. నీకు అది అందలేదు. అందులో ముఖ్యమైనది ఒక్క మాటే. నాకు ఇక్కడే ఉండాలనుంది. ఎందుకో వాడి దగ్గరున్న ఉత్తరంలో ఉంది. ఇక ఈ ఉదయం జరిగింది చెబుతాను.

తనిఖీ ఫాదర్ కమ్మీలకి అవతల కుర్చీలో కూర్చున్నారు. పొట్టిగా, ముసలిగా ఉన్నారు. చేతిలో రెండువైపులా రాసిన కాగితం ఉంది. ఎవరి రాతో నాకు దూరంనుంచే తెలిసింది. మేమంతా వరసగా నిలబడ్డాం. నేను చివర.

"కీర్తనల గదిలో పొడుం పీలుస్తున్నారా?" అని అడిగారు.

"పీల్చేవాళ్ళం ఫాదర్. ఆజ్ఞ విన్న రోజునుంచి మానేశాం" అని పెద్ద మదర్ అన్నారు. అది నిజమే. ఆ రోజునుంచి అందరూ తోటలో పీలుస్తున్నారు.

"దివ్యసత్ప్రసాదానికి ముందు?"

"అది ముక్కు ఫాదర్. మా మఠంలో ముక్కుకీ నోటికీ ఎప్పుడూ సంబంధం లేదు."

ఆయన నవ్వలేదు. "ఇది నూరేదెవరు?" అన్నారు.

ఎవరూ నా పేరు చెప్పలేదు. నావైపు చూడనైనా లేదు. నువ్వు అనుకున్నట్టు నన్ను చూపించలేదు పిన్నీ. సిస్టర్ కితేరియా ఏకంగా పైకప్పు చూస్తున్నారు. నన్ను దాస్తున్నారని అర్థమైంది. అప్పుడు నాకు గొంతు వచ్చింది.

"నేనండి" అన్నాను.

"ముందుకు రా. నువ్వూ పీలుస్తావా?"

"ఒక్కసారి పీల్చానండి. తెలుసుకోడానికి."

"ఏం తెలిసింది?"

"నారింజపూల రుచి గొంతులో తెలిసిందండి. మింగాను. ముక్కుకీ నోటికీ లోపల దారి ఉంది ఫాదర్. పూజకి ముందు పీలిస్తే ఏదో ఒకటి మింగినట్టే."

వెనక వరసంతా నిట్టూర్చింది. సిస్టర్ బెనితా "అయిపోయాం" అన్నారు, కొంచెం గట్టిగానే.

ఆయన చేతిలో కాగితం పైకెత్తారు. "మా పిల్లకి నోట్లో నాలుక లేదు అని మీ పిన్ని రాసింది."

"నిన్నటిదాకా నిజమే ఫాదర్" అన్నాను.

అప్పుడు నవ్వారు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. మదర్ లెయొకాదియా ఆ సందులో మెల్లిగా తన మనవి చెప్పుకున్నారు. ఆయన తీర్పు ఇది. గుడిలో, కీర్తనల గదిలో, తోటలో ఎక్కడా పొడుం ఉండకూడదు. మందుల గదిలో తాళం వేసిన పెట్టెలో మందుగా ఉండవచ్చు. పూజ అయ్యాకే ఇవ్వాలి, నొప్పి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి.

"ఈ ఇంట్లో దాని మీద ఆశ లేని మనిషి ఎవరు? తాళంచెవి వాళ్ళ దగ్గర ఉండాలి" అన్నారు.

ఈసారి అందరూ నావైపు చూశారు.

ముసుగు లేకుండా ఒక్క ఏడాది ఉండనిస్తారు. మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు చూస్తారు. కాని ఒకటే షరతు. ఇంటి పెద్ద ఇచ్చిన ఉత్తరం కచేరీలో ఉండగా, ఆ పెద్దే వచ్చి దాన్ని వెనక్కి తీసుకోవాలి.

తాళంచెవి నా మెడలో ఉంది. తీసెయ్యమంటే తీసేస్తాను. నేను మూట కట్టలేదు. కట్టమంటే ఇప్పుడే కడతాను. చదివాక, చుట్టాలతో మాట్లాడే గదిలోకి రా.

నీ కాసిల్దా

[అడుగున]
అక్కడ ఎండగా ఉంది అమ్మా. చదువుతూ నీడలోకి జరగండి.


సాన్‌లూకర్
మే 12

కాసిల్దా,

క్షేమంగా చేరాను. ఆ రోజు మాట్లాడే గదిలో ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేశానని సిస్టర్ కితేరియా నొచ్చుకుని ఉంటుంది. ఊరందరి నోళ్ళూ మూయించే మెన్సియాకి ఆ పూట మాట రాలేదు. ఏం చెప్పను. కమ్మీల సందులోంచి నీ చెయ్యి వచ్చింది. చిన్న చెయ్యి వస్తుందని నేను వంగి చూస్తున్నాను. నా చేతికంటే పెద్దది వచ్చింది. వేళ్ళ కొసలు గోధుమరంగు. పైకి చూస్తే నీ మొహం నా తలకి పైన ఉంది. ఎప్పుడు ఎదిగావు? నాకు ఎవరూ రాయలేదే.

అక్కణ్ణుంచి నేరుగా కచేరీకి వెళ్ళాను. అక్కడి గుమస్తా, "మొన్ననే పంపించెయ్యండని రాశావు కదమ్మా, ఇప్పుడు ఉంచుకోండంటావేం?" అన్నాడు. "అప్పుడు మా పిల్ల చెప్పలేదు, ఇప్పుడు చెప్పింది, ఏది ముఖ్యం?" అన్నాను. ఉత్తరం వెనక్కి ఇచ్చాడు. చింపి వాడి బల్ల మీదే పెట్టి వచ్చాను.

రేవులో బార్తొలొ కాచుకుని ఉన్నాడు. "గొంతు పోయేలా అరిస్తే చెయ్యి ఊపుతావా అక్కా" అని ఉత్తరం నా మీద విసిరాడు. దాన్ని ఆ రాత్రి చదువుకున్నాను. దుకాణమంటే భయమని మొదటే చెప్తే నీకు తాళ్ళు కొలవడం అంటగట్టేదాన్నా? నీది మీ అమ్మ పోలిక. దాని మనసులో ఏముందో కూడా నేను ఎప్పుడూ తప్పుగానే ఊహించేదాన్ని. అయినా అది నన్ను విడిచిపెట్టలేదు.

బార్తొలొ పడవలో మంచం పంపుతున్నాను. ఇక్కడ ఎవరు పడుకుంటారు దాని మీద. నీకు పొట్టి అయ్యేది, వడ్రంగి చేత కాళ్ళవైపు రెండు జానలు అతికించాను. చెక్క రంగు కలవలేదు, అతుకు కనిపిస్తుంది. దుప్పటి కప్పితే తెలియదు. పిట్టలు తలవైపు ఉంటాయి, తిప్పి వేసుకోకు. మేడ గది తాళ్ళ గిడ్డంగికి ఇచ్చేశాను. అయినా ఏడాదికి ఒకసారి నిన్ను పంపిస్తే తాళ్ళు ఒక పక్కకి జరుపుతాను.

ఇంకొక చిన్న సంగతి. గూటి దగ్గర నీ ఉత్తరం విప్పగానే మడతల్లోంచి పొడి రాలింది. నీ వేళ్ళది అయ్యుంటుంది. కాగితం మొహానికి దగ్గరగా పట్టుకుని చదువుతున్నానేమో, సూటిగా ముక్కులోకి పోయింది. వీధి మధ్యలో తుమ్మాను. గాడిదలు బెదిరాయి. తరవాత నువ్వు చూసేసరికి నా కళ్ళు ఎర్రగా ఉన్నది అందువల్లే. నువ్వు ఇంకేదైనా అనుకుని ఉంటావని రాస్తున్నాను.

కాని తల్లీ, ఆ తరవాత గొంతులో నువ్వు చెప్పిన నారింజపూల రుచి నాకూ తెలిసింది. ఇంటికి వచ్చేదాకా ఉంది. ఇక్కడ తూర్పుగాలి మొదలైంది, నాకు అప్పుడప్పుడు తల కొంచెం భారంగా ఉంటోంది. బార్తొలొకి చెప్పకు. పూజ అయ్యాకే పీలుస్తాను.

మందు మోతాదు చాలు.

నీ పిన్ని మెన్సియా